మగ్గం గుంత మీది మిషన్

శివకృష్ణ లాంటి మొగుణ్ణి పగవాడి కూతురికి కూడా ఇవ్వొద్దని ఉలిగమ్మ నెలనెలా అనుకునేది. అనుకోవడానికి ఆమెకు తీరిక దొరికేది ఆ మూడు రోజులే. ధర్మవరంలో అత్తగారింటి వెనక, స్నానాల గదిని ఆనుకొని ఒక రేకుల వసారా ఉంది. ముట్టయితే అక్కడే చాప, అక్కడే చెంబు, అక్కడే సత్తు తట్ట. అత్త ఆదిలక్ష్మమ్మ అన్నం తెచ్చి, ఎత్తు నుంచి తట్టలోకి జారవిడిచి, వెనక్కి తిరిగి చూడకుండా పోయేది. ఆ అన్నం తింటూ, ముందు గదిలో ఎక్స్‌రే మిషన్ చేసే చప్పుడు వినేది ఉలిగమ్మ. మొదట గుర్రుమని ఒక మూలుగు, తర్వాత టక్కున ఒక దెబ్బ. ఆ మూలుగు ఎంతసేపు సాగిందో వింటే చాలు, ఆమెకు తెలిసిపోయేది. చేతి ఎముకకు నడుముకు పెట్టినంత టైము పెట్టాడు. ఫిల్ము మాడిన దోసెలాగ వస్తుంది. మళ్ళీ తీస్తాడు. మళ్ళీ మూలుగు, మళ్ళీ టక్కు. లోపల బల్ల మీద పడుకున్నది ఏ తల్లి బిడ్డో, ఒక్కసారితో పోయేదానికి రెండుసార్లు కిరణాలు తింటోంది. ఆ పని చదివి పాసయిన మనిషి మాత్రం పెరట్లో కూర్చొని తట్ట కడుక్కోవాలి.

ఆ ముందు గదిలో ఒకప్పుడు మగ్గం ఉండేది. నేలలో గుంత, గుంతలో కాళ్ళు పెట్టుకొని మామ పట్టుచీరలు నేసేవాడట. ముట్టయిన ఆడది ఆ గడప తొక్కితే పోగు తెగుతుంది, రంగు విరుగుతుంది, కొనేవాడు చీరను వెనక్కి తోసేస్తాడు అని ఆ ఇంటి నమ్మకం. మామ పోయాడు. మగ్గం అమ్ముడయింది. గుంతలో మొరం నింపి పైన గచ్చు పోసి, ఆ గచ్చు మీద ఎక్స్‌రే బల్ల వేశారు. గుంత పూడింది గాని కట్టడి పూడలేదు. "మగ్గం పోతే మడి కూడా పోతాదా? ఇది లచ్చిందేవి కూర్చున్న జాగా" అని ఆదిలక్ష్మమ్మ ప్రతి శుక్రవారం మిషన్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టేది. పెట్టీ పెట్టీ, టైము తిప్పే మర చుట్టూ అంకెలు కనబడకుండా పోయాయి. ఉలిగమ్మ మరునాడు పాత చీర పేలికతో ఆ అంకెలు తుడిచేది. తుడిచినందుకు ఒక తిట్టు. తుడవకపోతే ఏ అంకె మీద తిప్పుతున్నామో తెలియదని ఆ ఇంట్లో ఎవరికి చెప్పాలి?

మిగతా రోజుల్లో మడి అడ్డం రాదు, పని అడ్డం వస్తుంది. కోడి కూయకముందే లేచి కళ్ళాపి చల్లి, సంగటి కెలికి, గుడ్డలు పిండి, అత్తకు వేడినీళ్ళు కాచి, అప్పుడు మిషన్ గది తలుపు తీయాలి. మనిషిని పడుకోబెట్టేది ఆమె, కాలు ఇటు తిప్పు, ఊపిరి బిగబట్టు అని చెప్పేది ఆమె, చీకటి గదిలో ఫిల్మును మందునీళ్ళలో ముంచి తేల్చేది ఆమె. ఆ మందునీళ్ళకు వేళ్ళ కొసలు గోధుమరంగు తిరిగి పగిలితే, "అన్నం కలిపే చేతులా ఇవి?" అని అత్త ముక్కు చిట్లించేది. శివకృష్ణ వీధి వైపు బల్ల వేసుకొని ఫ్యాను కింద కూర్చొని, ఆరిన ఫిల్మును వెలుతురుకెత్తి పట్టుకొని, డాక్టరులాగ ఒక కన్ను మూసి చూసి, కవర్లో పెట్టి ఇచ్చి దుడ్లు గల్లాలో వేసుకునేవాడు. "శివకృష్ణ చెయ్యి మంచిదప్పా, ఎముక అద్దంలో చూసినట్ల పడతాది" అని జనం మెచ్చుకుంటే మీసం కింద నవ్వేవాడు. వాకిలి పైన బోర్డు కూడా 'శివకృష్ణ ఎక్స్‌రే సెంటర్' అనే. ఉలిగమ్మ అనే పేరు కూలికి పోయే దానిలాగ ఉందని, నలుగురి ముందు ఆమెను ఉషా అని పిలిచేవాడు. ఆమె అసలు పేరు ఆ ఇంట్లో ఉన్నది ఒక్కచోటే, గోడకు మేకు కొట్టి తగిలించిన డిప్లొమా సర్టిఫికెట్ మీద. అది కూడా ఎవరైనా ఆఫీసరు తనిఖీకి వస్తే చూపించడానికి.

ఆ సర్టిఫికెట్ హిందూపురంలో సంపాదించింది. తొంభై ఆరులో ఇంటర్ పాసయినప్పుడు, ఒక ట్రస్టు ఆసుపత్రి వాళ్ళు నడిపే కాలేజీలో మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా ఉందని ఎవరో చెబితే నాయన వెంకటేశులు చేర్పించాడు. వెంకటేశులు కులవృత్తి వదిలేసి రొద్దంలో సేద్యంలో పడిన మనిషి. ఊళ్ళో ఎకసెక్కాలు పడ్డాయి. "ఏమప్పా వెంకటేశులూ, నీ కూతురు బొక్కల ఫొటోలు తీసే సదువు సదువుతాందంటనే? పెండ్లికొడుక్కు గూడా బొక్కలు చూసి సరే అంటాదేమో!"

కాలేజీలో పాఠం చెప్పే గ్రేస్ టీచరమ్మ దయగల మనిషేమీ కాదు. ఫిల్ము వంకరగా పడితే ముఖం మీద విసిరేది. "బటన్ నొక్కేది కోతి గూడా నొక్కుతాది. ఎప్పుడు నొక్కగూడదో తెలిసేదానికే ఈ కాలేజీ" అనేది. ఒకరోజు తరగతిలో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఎదురెదురుగా నిలబెట్టింది. "ఆడమనిషి కడుపుకో నడుముకో తుంటికో ఎక్స్‌రే తీయాలంటే, పేరడిగినాక మొట్టమొదట అడగాల్సిన మాట ఒకటుండాది. ముట్టు ఎప్పుడయింది, నెల తప్పిందా. ఊఁ, అడగండి ఒకర్నొకరు." మగపిల్లలు కిసుక్కుమన్నారు. నవ్విన వాడి చేత మళ్ళీ అడిగించింది. మళ్ళీ నవ్వాడు, మళ్ళీ అడిగించింది. గంట కొట్టే వేళకు ఎవరి గొంతులోనూ నవ్వు లేదు. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా వస్తోంది మాట. ఉలిగమ్మకు ఆరోజు హాస్టల్లో నిద్ర పట్టలేదు. పెద్దమనిషి అయిన నాటి నుంచి ఏ మాట గుసగుసగా తప్ప అనకూడదని అమ్మ నోరు నొక్కిందో, ఆ మాట గట్టిగా అడగడమే ఇక్కడ ఉద్యోగం. అడగకపోవడమే తప్పు. తన ఒంటి సంగతికి సిగ్గు తీసేసి విద్య తొడిగినట్టు అనిపించింది.

పెళ్ళయిన కొత్తలో శివకృష్ణ రొద్దం వచ్చి, మామ వెంకటేశులు పక్కన మంచం మీద కూర్చొని తియ్యగా మాట్లాడాడు. "నీ కూతురి సదువు ఉత్తగా పోతాది మామా. ఒక మిషన్ కొనిస్తే ఆమెకే సెంటర్ పెట్టిస్తా." ఆమెకే అన్న మాటకు వెంకటేశులు పడిపోయాడు. ఏటి పక్క నేల అమ్మాడు. కూతుర్ని ఒక్కమాట అడగలేదు. బిల్లు రాయించేటప్పుడు మిషన్ అల్లుడి పేరు మీదే రాయించాడు. "ఆడదాని పేరు మీద రాపిస్తే అల్లుడు చిన్నబుచ్చుకుంటాడు తల్లీ" అని తర్వాత చెప్పాడు. అల్లుడు చిన్నబుచ్చుకోలేదు. పెద్దగానే ఉన్నాడు.

టీచరమ్మ నేర్పిన ఆ ప్రశ్న మాత్రం ఉలిగమ్మ వదల్లేదు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ తెర వెనక్కి పిలిచి అడిగేది. ఒక ముసలామె పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "నాకా తల్లీ? నా మనవరాలే పెద్దమనిషయి ఆరేండ్లాయె. ఇంగా నామీద ఆశ పెట్టుకున్యావే!" వయసు పిల్లలు మొదట సిగ్గుపడి, తర్వాత అడగనివి కూడా చెప్పుకునేవాళ్ళు. తెర వెనక నవ్వులూ ఏడుపులూ వినబడితే శివకృష్ణకు కడుపు మండేది. "అంగడి నడుపుతాండానా, మంత్రసాని కొట్టం నడుపుతాండానా? ఆ కంపు మాటలు అడిగితే ఆడోళ్ళు పక్క సెంటర్‌కు పోతారు" అనేవాడు. అతనికి మిషన్ నడపడం వచ్చింది ఆమెను చూసే. పది రోజుల్లో నేర్చేసుకున్నానని చెప్పుకునేవాడు. నొక్కడం నేర్చుకున్నాడు. అడగడం నేర్చుకోలేదు.

రెండు వేల నాలుగు ఎండాకాలంలో ఆడబిడ్డ మంజులత పెనుకొండ నుంచి వచ్చింది. పెళ్ళయి ఏడాది తిరగలేదు. అత్తవారింట్లో కొళాయి దగ్గర కాలు జారి నడుము పట్టేసిందట. మన సెంటర్ ఉండగా ఇంకెక్కడో ఎందుకని అన్న దగ్గరికి వచ్చింది. ఉలిగమ్మ ఆరోజు వసారాలో ఉంది. రెండో రోజు. పెరటి వాకిట్లో నిలబడి మంజులత పలకరించింది.

"వదినా, నువ్వు తీయవా?"

"నన్ను తీయనిస్తే గదా. మంజూ, ఒగ మాట చెప్పు. నువ్వు తలకు పోసుకొని ఎన్నాళ్ళాయె?"

మంజులత తల దించుకుంది. వెనక శివకృష్ణ నిలబడి ఉన్నాడు. ఆదిలక్ష్మమ్మ విసవిసా వచ్చింది. "అన్న ముందర సెల్లెల్ని అడిగే మాటనా అది? నీ సదువుకు సిగ్గు గూడా అమ్ముకున్యావా?"

"అత్తా, నడుముకు తీస్తాండారు. కడుపులో ఏమన్నా ఉంటే..."

"నోరు మూసుకో! శుభమా అని ఇంటికొచ్చిన ఆడబిడ్డకు అశుభం పలుకుతావా!"

శివకృష్ణ చెల్లెల్ని లోపలికి తీసుకుపోయాడు. ఉలిగమ్మ లేచింది. పెరడు దాటి, వంటిల్లు పక్కగా వచ్చి, మిషన్ గది గడప దగ్గర ఆగిపోయింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడ్డం నిలబడలేదు. అయినా కాళ్ళు గడప ఇవతలే నాటుకుపోయాయి. "ఆపండి! అడిగి తీయండి! నెల తప్పిందేమో అడగండి!" అని అక్కడి నుంచే అరిచింది. లోపలి నుంచి శివకృష్ణ "గడప తొక్కితే కాలిరుగుతాది" అన్నాడు. తర్వాత మూలుగు, టక్కు. కాసేపటికి మళ్ళీ. ఫిల్ము మాడినట్టుంది, మళ్ళీ. గడపకు రాసిన పసుపు వైపు చూస్తూ ఉలిగమ్మ ఆ దెబ్బలన్నీ తన కడుపులో పడినట్టు నిలబడింది. గడప ఎత్తు జానెడు కూడా లేదు. కుంటివాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో కట్టెలు పెట్టుకున్నవాళ్ళు రోజూ దాటే గడప.

రెండు వారాలకు పెనుకొండ నుంచి ఫోను. మంజులతకు వాంతులు. నెల తప్పి చాన్నాళ్ళయిందట, సిగ్గుకు చెప్పలేదట. ఎక్స్‌రే సంగతి వినగానే అత్తవారింట్లో గగ్గోలు పుట్టింది. కరెంటు కిరణాలు పడిన బిడ్డ గుడ్డిదో మొద్దుదో పుడుతుందని ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. ఫోను శివకృష్ణ చేతిలో ఉంది. ఉలిగమ్మ పక్కనే నిలబడి చెబుతోంది. "తొందరపడొద్దని చెప్పండి. ఆ మూడు ఫిల్ములకు అంత ముప్పు ఉండదు. ఎంత టైము పెట్టినారో చెప్తే, హిందూపురంలో పెద్ద డాక్టరు లెక్క చూసి చెప్తాడు. భయపడి కడుపు తీపించుకున్నోళ్ళు మంచి బిడ్డల్ని పోగొట్టుకున్యారని టీచరమ్మ చెప్పింది. ఆ ఫోను నాకియ్యండి."

"నువ్వు డాక్టరువా?" అని అరచేత్తో ఫోను మూసి గుడ్లురిమాడు. ఎంత టైము పెట్టాడో అతనికే తెలియదు. తెలియదని ఒప్పుకోవాలంటే తీసింది తనేనని ఒప్పుకోవాలి. ఫోనులోకి మాత్రం మెత్తగా, "మీ పిల్ల, మీ ఇష్టం" అన్నాడు. వాళ్ళ ఇష్టం ఏమిటో ఆ వారంలోనే తెలిసింది. మంజులతకు కడుపు తీయించేశారు.

తర్వాత వాళ్ళు మంజులతను వెంటబెట్టుకొని నిలదీయడానికి వచ్చారు. మంజులత అత్త రుక్మిణమ్మ కాళ్ళు కడుక్కోలేదు, కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. నడి ఇంట్లో నిలబడి అడిగింది.

"మా కోడలికి తీసింది ఎవరు? సదువుకున్యోళ్ళా, సదువు లేనోళ్ళా?"

శివకృష్ణ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. లేచి, గోడ మీది సర్టిఫికెట్ మేకు నుంచి దించి, అద్దం మీద దుమ్ము పంచెతో తుడిచి, ఆమె చేతికిచ్చాడు. "సదువుకున్న మనిషే తీసిందమ్మా. ఇదో, పేరు సూడండి. ఉలిగమ్మ."

పెళ్ళయినాక అతని నోట ఆ పేరు నలుగురి ముందు రావడం అదే మొదటిసారి. మెచ్చుకోలు అతనికి, ఉష అతనిది, బోర్డు అతనిది. తప్పుకు మాత్రం ఉలిగమ్మ. ఆమెకు కోపం కూడా రాలేదు మొదట. ఎంత చక్కగా, ఎంత తేలిగ్గా చెప్పాడు అని ఆశ్చర్యంగా చూసింది.

"ఆ పొద్దు నేను వసారాలో ఉండా" అంది. "ముట్టయి రెండో పొద్దు. మిషన్ గదిలోకి నన్నెవరు రానిచ్చినారు? అత్తా, నాకు తట్టలో అన్నం ఏసింది నువ్వే గదా. నువ్వే చెప్పు."

అందరూ ఆదిలక్ష్మమ్మ వైపు తిరిగారు. ముట్టు నీడ సోకుతుందని అన్నం ఎత్తు నుంచి జారవిడిచే మనిషి, మడి తప్పితే లక్ష్మి పోతుందని ఏడ్చే మనిషి, కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. "యాడిది? ఆ పొద్దు నువ్వు బయటుండావా? నాకు గ్యాపకం లేదే. తలకు పోసుకొని లోపలే తిరుగుతాండావు గదా" అంది.

ఉలిగమ్మ ఆడబిడ్డ వైపు చూసింది. గోడకు ఆనుకొని కూర్చున్న మంజులత కాలి బొటనవేలితో నేల రాస్తోంది. తల ఎత్తలేదు. పెరటి వాకిట్లో నిలబడి 'వదినా, నువ్వు తీయవా' అని అడిగిన నోరు తెరవలేదు. అన్నను కాదంటే ఆమెకు పుట్టిల్లు లేదు. ఉలిగమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారదు. రుక్మిణమ్మ ఆ సర్టిఫికెట్‌ను నేల మీద పెట్టి, దాని పక్కన ఉమ్మేసి పోయింది.

ఆ రోజు నుంచి ఉలిగమ్మ లోపల ఒకే మాట తిరిగింది. అంట్లు తోముతున్నా, చీకటి గదిలో ఎర్రలైటు కింద ఫిల్ము తేలుస్తున్నా అదే. ఇన్నేళ్ళు వానలో, ఎండలో, జ్వరంలో, ఆ చాప మీద కూర్చుంది. రేకుల మీద వడగళ్ళు పడుతున్నప్పుడు కూర్చుంది. బిడ్డ నిలవక కడుపు జారిపోయినప్పుడు కూడా, మైల అని అక్కడే కూర్చోబెట్టారు. ఆ కూర్చోవడం అంత ఘనమైనదే అయితే, అవసరం పడిన రోజు దానికి సాక్ష్యం చెప్పే నోరు ఎందుకు లేకపోయింది? వాళ్ళకు లక్ష్మీ లేదు, మడీ లేదు. ఉన్నదల్లా ఒకటే. ఆడది ఎప్పుడు లోపలుండాలో ఎప్పుడు బయటుండాలో చెప్పేది తామై ఉండాలి. ఈ పొద్దు బయట అంటే బయట, లోపలున్నావు అంటే లోపల. నెల పొడుగునా రక్తం ఆమెది, లెక్క వాళ్ళది.

మరుసటి నెల ఆమెకు ముట్టయింది సోమవారం, సంతకు వచ్చిన జనంతో వాకిలి నిండి ఉన్నప్పుడు. పొద్దున ఆదిలక్ష్మమ్మ అలవాటుగా చాప తీసి వసారాలో పడేసింది. ఉలిగమ్మ చాప వైపు చూసింది. తర్వాత మొహం కడుక్కొని, జడ వేసుకొని, వీధి వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, కూర్చున్న జనం మధ్యగా నడిచి, మిషన్ గది గడప దాటింది. ఏమీ కాలేదు. గచ్చు చల్లగా ఉంది. బల్ల మీద చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల, కొత్త పెళ్ళికూతురు, తుంటి నొప్పితో పడుకొని ఉంది. శివకృష్ణ మర తిప్పుతున్నాడు.

"ఏమే, యాడికొస్తాండావు?" అన్నాడు గొంతు తగ్గించి.

ఉలిగమ్మ గొంతు తగ్గించలేదు. గ్రేస్ టీచరమ్మ తరగతిలో ఎంత గట్టిగా అడగాలో అంత గట్టిగా ఆ పిల్లను అడిగింది. "ముట్టు ఎప్పుడయింది తల్లీ?"

వాకిట్లో మాటలు ఆగిపోయాయి. పిల్ల బెదిరిపోయి, "నెలా పదైదు దినాలాయెక్కా" అంది.

"అయితే లెయ్. ఈ పొద్దు నీకు ఎక్స్‌రే వద్దు. పోయి డాక్టరమ్మకు ఈ మాట చెప్పు." పిల్ల చేయి పట్టుకొని బల్ల దించింది. అప్పుడు మొగుడి వైపు తిరిగి, వాకిట్లో చివరి మనిషికి కూడా వినబడేలా అంది. "నాకు ఈ పొద్దే ముట్టయింది. నేను లోపలే ఉండా. అందరూ సూడండి. రేపు ఎవరడిగినా గ్యాపకం లేదనొద్దండి."

ఆదిలక్ష్మమ్మ గుండెలు బాదుకుంటూ గడప అవతల నిలబడిపోయింది. అపవిత్రమయిన గదిలోకి రాలేదు మరి. జనంలో సగం మంది చెప్పులు వేసుకొని లేచారు. ఎవరో నవ్వారు, ఎవరో ఛీ అన్నారు. పళ్ళు లేని ఒక ముసలామె మాత్రం కదలకుండా కూర్చొని, "పాప చెప్పింది నిజమే గదప్పా, ఆ పిల్ల కడుపుతో ఉండాదేమో" అంది. శివకృష్ణ చెయ్యెత్తాడు. జనం చూస్తున్నారని దించాడు.

ఉలిగమ్మ గోడ మీది సర్టిఫికెట్ తీసుకుంది.

"అది ఇంటిదే! ఆడ పెట్టు!" అన్నాడు.

"దీని మీద పేరు సూడు" అంది ఆమె.

"మిషన్ మీద నా పేరుండాది. ఒక్క మర గూడా నీకు రాదు, తెలుసునా?"

"తెలుసు. దానికి పసుపు రాసుకుంటా కూర్చో."

హిందూపురం ప్యాసింజర్‌లో ఆమె వెంట ఒక సంచీ, చంకలో అద్దం కట్టిన ఆ సర్టిఫికెట్. పెనుకొండలో బండి ఆగినంతసేపూ కిటికీ రెక్క దించుకొని కూర్చుంది. మంజులతను చూసి జాలిపడేంత మంచితనం ఆ రోజు ఆమెలో లేదు. తర్వాత కూడా రాలేదు.

గ్రేస్ టీచరమ్మ అప్పటికి రిటైరై పోయింది. పోతూ పోతూ ప్రాక్టికల్ చెప్పడానికి ఎవరూ దొరకలేదని కాలేజీవాళ్ళకు తిట్లు తిట్టి పోయిందట. ఆ ఖాళీలో ఉలిగమ్మను తీసుకున్నారు. సంగతి తెలిసి రొద్దం నుంచి వెంకటేశులు వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రానన్నాడు. కూతురు ఎలా ఉందని అడగలేదు.

"అల్లుడు దుర్మార్గుడే, నేను కాదనను. ఆడదానికి ఓర్పుండల్ల. నలుగురిలో ఆ మాట అరిసి చెప్తావా? పోనీ మిషన్ అయినా ఇడిపించుకోని రావాల గదా. నా నేల అది!"

"నీ నేలే నాయనా. నన్నడిగి అమ్మినావా? నా పేరు మీద కొన్యావా?"

"నీకోసరమే గదా అమ్మింది!"

"నాకోసరం అమ్మి ఆయప్పకిచ్చినావు."

వెంకటేశులు పై పంచె దులిపి భుజాన వేసుకొని, రొద్దం బస్సుకు పోయాడు. చాలా ఏళ్ళు మళ్ళీ రాలేదు.

కొత్త బ్యాచ్ మొదటి వారంలోనే ఉలిగమ్మ పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి ఆ ప్రశ్న అడిగించింది. మగపిల్లలు కిసుక్కుమన్నారు. మళ్ళీ అడిగించింది. మడకశిర నుంచి వచ్చిన ఒక పొడుగాటి పిల్లవాడు నవ్వాపుకోలేక, "మేడమ్, ఇది అడగకపోతే ఏం పోతాది మేడమ్?" అన్నాడు.

తరగతి మొత్తం ఆమె తిడుతుందని చూసింది. ఆమె తిట్టలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, గోధుమరంగు వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

"మా ఆడబిడ్డకు బిడ్డ పోయింది. నాకు ఇల్లు పోయింది, అది పోయినందుకు ఏడుపు లేదు. నన్నొక మాట అడగక మా నాయనకు రొద్దంలో ఏటి పక్క నేల పోయింది. రెండెకరాల పదిహేడు సెంట్లు, బోరుతో సహా."